ఆ చీటీ మీద సంతకం నాదే

చాలా ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి మీకు చెబుతాను. నేను వృద్ధుల వైద్యంలోకి వృద్ధుల మీద ప్రేమతో రాలేదు. ర్యాంకు రాక వచ్చాను.

ఎంబీబీఎస్ అయ్యాక మా బ్యాచ్‌లో చాలామందికి ఉన్న కలే నాకూ ఉండేది. ముందు జనరల్ మెడిసిన్‌లో ఎండీ, ఆపైన కార్డియాలజీలో డీఎం, ఆపైన ఊరి సెంటర్లో నా పేరుతో పెద్ద బోర్డు. మా నాన్న అప్పటికే వీధిలో ప్రతి గడపకీ "మావాడు గుండె డాక్టరవుతున్నాడు" అని చెప్పేసి వచ్చాడు. తీరా కౌన్సెలింగ్‌కి వెళ్ళేసరికి నేను కోరుకున్న సీట్లన్నీ నా ముందువాళ్ళు తీసేసుకున్నారు. మిగిలినవాటిలో మద్రాసు మెడికల్ కాలేజీలో జెరియాట్రిక్స్ ఒకటి కనిపించింది. దేశంలో ఆ ఎండీ కోర్సు మొదట మొదలైంది అక్కడే, 1996లో. మన దేశంలో ఆ శాఖకి తొలి ప్రొఫెసరు డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారు పనిచేసిన చోటు. ఇవేవీ అప్పుడు నాకు తెలియవు. నాకు తట్టిందల్లా ఒక్కటే. ఈ దారిలో జనం తక్కువ. జనం తక్కువ కాబట్టి ప్రొఫెసర్ని త్వరగా అవుతాను. ఆ లెక్క వేసుకునే సీటు తీసుకున్నాను.

ఎండీ పూర్తయి ఉద్యోగంలో చేరాక కూడా పెళ్ళిళ్ళలో ఎవరైనా "నువ్వు ఏ డాక్టరువి బాబూ?" అనడిగితే "ఫిజీషియన్ని" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఒకసారి మా పెద్దమ్మ వదల్లేదు. గుచ్చిగుచ్చి అడిగి నిజం రాబట్టి, పంక్తిలో పదిమంది వినేలా, "ముసలాళ్ళకి వేరే డాక్టరెందుకురా? వాళ్ళకొచ్చే జబ్బు వయసేగా!" అంది. అందరూ నవ్వారు. నాకు ఆ గారె గొంతు దిగలేదు. ఆవిడ అన్నందుకు కాదు. ఆవిడ మాటకి నా దగ్గర జవాబు లేదు, పైగా లోలోపల నేనూ కొంత అలాగే అనుకుంటున్నాను. అదీ నాకు తగిలిన దెబ్బ.

జవాబు లేకపోలేదు. 1935లో ఇంగ్లండులో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో మార్జరీ వారెన్ అనే డాక్టరమ్మకి, పక్కనే ఉన్న పేదల ఆశ్రమ ఆస్పత్రిలోని రోగుల బాధ్యత అప్పగించారు. వందల మంది ముసలివాళ్ళు, ఏళ్ళ తరబడి మంచాల మీద. ఎవరూ వాళ్ళని పరీక్ష చేసి చూసింది లేదు. వయసైపోయింది కాబట్టి పడుకున్నారు, పడుకున్నారు కాబట్టి లేవరు, అంతే లెక్క. ఆవిడ ఒక్కొక్కరినీ చూసింది. ఎవరికి ఏం జబ్బో తేల్చింది. మంచాల నుంచి దింపి నడక నేర్పించింది. చాలామంది లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఈ కథ నేను ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌కి మొదటి క్లాసులో చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు నా గొంతు గంభీరంగా మారేది. చాలాకాలం వరకూ ఆ కథ నాకు క్లాసు మొదలుపెట్టడానికి పనికొచ్చిందే తప్ప, నా ఓపీలో పనికిరాలేదు.

ఎందుకంటే నా ధ్యాసంతా పేపర్ల మీద ఉండేది. మెడికల్ కాలేజీలో పని చేసినవాళ్ళకి ఈ జ్వరం తెలుసు. అసిస్టెంట్ నుంచి అసోసియేట్, అసోసియేట్ నుంచి ప్రొఫెసర్. ప్రతి మెట్టుకీ పత్రికల్లో అచ్చైన పరిశోధనలు చూపించాలి. పేరు ముందుండాలి. నాలుగో పేరైతే లెక్కలోకి రాదు. ఒక పేపరు మీద మొదటి పేరు నాదా, నాతో పనిచేసినతనిదా అన్న గొడవలో నేను ఓ మంచి స్నేహితుణ్ణి పోగొట్టుకున్నాను. ఆ పేపరు నాకిప్పుడు గుర్తు లేదు. ఆ స్నేహితుడు బాగా గుర్తున్నాడు.

నా పేపర్ల విషయం ఏమిటంటే, పెద్దవాళ్ళు మింగే మందుల సంఖ్య. ఓపీకి వచ్చేవాళ్ళ సంచుల్లో ఎన్ని రకాల మాత్రలున్నాయి, వాటిలో ఈ వయసుకి పనికిరానివి ఎన్ని. దీనికి ప్రపంచమంతా వాడే జాబితా ఒకటుంది. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వృద్ధుల డాక్టరు 1991లో మొదలుపెట్టాడు. నిద్ర మాత్రలు, జలుబుకి వాడే పాత మందులు, కొన్ని మూత్రం మందులు పెద్దవాళ్ళ చేత ఎలా తూలిస్తాయో, ఎలా మతి తప్పిస్తాయో చూసి, జాగ్రత్త అని చెప్పే జాబితా. నేను దాన్ని కంఠతా పట్టాను. ఇతరుల చీటీలు తిరగేసి లెక్కలు తీశాను. అచ్చువేయించాను. సభల్లో చదివాను. శాలువాలు కప్పారు. ఆ శాలువాలు బీరువాలో ఓ అర నిండా ఉన్నాయి, వాటిని చూసుకుని మురిసిపోయిన రాత్రులున్నాయి. మీరూ మీ బీరువాలో ఏదో ఒకటి దాచుకుని చూసుకుంటూనే ఉంటారు కాబట్టి మీ దగ్గర దాపరికం లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక పొద్దున రౌండ్స్‌లో ఉన్నాను. వెనక పీజీలు, హౌస్ సర్జన్లు, ఇద్దరు సిస్టర్లు. ముందురోజు రాత్రి ఓ అవ్వ చేరింది. డెబ్బై అయిదు దాటి ఉంటుంది, పల్లె మనిషి. అదే రోజు తెల్లవారుజామున చీకట్లో బాత్రూముకని లేచి గడప దగ్గర పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. మనిషి మగతగా ఉంది, కొడుకుని పట్టుకుని తమ్ముడి పేరు పెట్టి పిలుస్తోంది. నోరు ఎండిపోయింది. హౌస్ సర్జన్ అమ్మాయి మందులు చదువుతోంది. అమ్లోడిపిన్ పది మిల్లీగ్రాములు. ఫ్రూసిమైడ్. ఆక్సిబ్యుటినిన్. ఆల్ప్రజోలామ్. విరేచనానికి ఒకటి.

నాకు పండగలా అనిపించింది. నేను ఏళ్ళుగా చెబుతున్న పాఠం మంచం మీద పడుకుని ఉంది. ఆ అమ్మాయి చేతిలోంచి కేస్ షీటు లాక్కుని మొదలుపెట్టాను. చూడండి, ఇది చూడండి, మొదట బీపీకి అమ్లోడిపిన్ ఇచ్చారు, బీపీ తగ్గలేదని మోతాదు రెట్టింపు చేశారు, ఆ మందుకి కాళ్ళు వాస్తాయి, అది జబ్బు కాదు మందు గుణం, కానీ మన మహానుభావుడు వాపు చూసి నీళ్ళ బిళ్ళ రాశాడు, నీళ్ళ బిళ్ళకి రాత్రీ పగలూ మూత్రం ఆగదు, దానికింకో బిళ్ళ, ఆ బిళ్ళకి నోరెండుతుంది మలబద్ధకం వస్తుంది మతి చెదురుతుంది, చెదిరిన మతికి నిద్ర పట్టదు, అందుకు నిద్ర మాత్ర, ఆ నిద్ర మత్తులో మూత్రానికి లేచింది, నీళ్ళ బిళ్ళతో లేవగానే బీపీ పడిపోయింది, పడింది, విరిగింది, ఎవరు రాశారివన్నీ, ఏ ఊళ్ళో ఏ ఆర్‌ఎంపీ, మందుల షాపు కుర్రాడా, ఇలాంటివాళ్ళని పోలీసులకి పట్టివ్వాలి, ఆ చీటీలు తీయండి, పేరు చూడండి, పేరు చదవండి!

ఎవరూ చదవలేదు. పీజీ కిందికి చూస్తున్నాడు. ఆ అమ్మాయి మొహం ఎర్రబడింది. అవ్వ కొడుకు పాపం అమాయకంగా పాలిథిన్ కవరులోంచి చీటీలన్నీ తీసి నా చేతిలోనే పెట్టాడు. మా ఆస్పత్రి ఓపీ చీటీలు. మా శాఖ ముద్ర. ఒకదాని తర్వాత ఒకటి, వేరువేరు నెలల్లో, ఒక్కో చీటీ మీద ఒక్కో కొత్త మందు. అన్నిటి కిందా సంతకం నాదే.

ఆ వార్డులో ఫ్యాన్ల చప్పుడు ఎంత పెద్దదో నాకు ఆ రోజే తెలిసింది.

నేనేం చేశానో కూడా చెప్పాలి, అది ఇంకా సిగ్గుచేటు. వెంటనే "నేను రాశాను" అనలేదు. గొంతు సవరించుకుని, "సరే, ముందు పేషెంటు సంగతి చూద్దాం" అని పక్క మంచానికి నడిచాను. రౌండ్స్ ముగించాను. గదికి వెళ్ళి తలుపేసుకున్నాను. మధ్యాహ్నం దాకా నాకు నేను సాకులు చెప్పుకున్నాను. ఓపీలో వందమంది ఉంటారు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరకవు, పాత చీటీలు ముందే చూపించాల్సింది వాళ్ళు, రోజూ తీసుకుంటున్న మందులేమిటో వాళ్ళకే తెలియదు. అన్నీ నిజాలే. ఒక్కటీ పనికొచ్చే నిజం కాదు. ఆ అవ్వ వచ్చిన ప్రతిసారీ ఒక కష్టం చెప్పింది, నేను ప్రతిసారీ ఒక మందు చేర్చాను. "పోయినసారి రాసిన మందు వల్ల ఇది వచ్చిందేమో" అన్న ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. ఒక అబద్ధాన్ని కప్పడానికి ఇంకో అబద్ధం ఆడినట్టు, ఒక మందుని కప్పడానికి ఇంకో మందు రాస్తూ పోయాను.

ఇది నేను కొత్తగా తెలుసుకున్నదీ కాదు. రోషన్, గుర్విట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లోనే దీని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరంగా రాశారు. ఆ పేపరు మీద నా దగ్గర స్లైడు ఉంది. రంగు బాణాలతో, ఒక మందు నుంచి ఇంకో మందుకి గీతలు గీసి, చాలా అందంగా తయారు చేసుకున్నాను. ఆ స్లైడు చూపించి చప్పట్లు కొట్టించుకున్న చేత్తోనే ఆ చీటీలు రాశాను.

సాయంత్రం అవ్వ దగ్గరికి వెళ్ళాను. మూడు మందులు ఆపేశాం, అయినా ఆవిడకి స్పష్టంగా తెలివి రావడానికి ఇంకో రెండు మూడు రోజులు పట్టింది. తెలివొచ్చాక పక్కన కూర్చుని చెప్పాను, మందులు నేనే తప్పు రాశానని, అందుకే పడిందని. ఆవిడ నా మొహం కేసి చూసి, "నువ్వేం జేస్తవ్ సారూ, కాళ్లు వాచినయని నేను చెప్తేనే గద నువ్వు రాసినవ్" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తప్పంతా తన మీద వేసుకుని నన్ను ఓదార్చింది. ఆపరేషన్ అయింది. ఇంటికి వెళ్ళింది. వాకర్ లేకుండా మళ్ళీ నడవలేదు.

ఆ తర్వాతి వారం క్లాసులో ఆ రంగు బాణాల స్లైడు తీసేసి, ఆ చీటీల ఫోటోలు పెట్టాను, అవ్వ పేరు చెరిపేసి, నా పేరు ఉంచి. పిల్లలు నోట్సు రాసుకోవడం మానేసి విన్నారు. అప్పట్నుంచి ఇప్పటిదాకా అదే నా మొదటి క్లాసు. మార్జరీ వారెన్ రెండో క్లాసులో వస్తుంది.

ఇంకో మూర్ఖత్వం ఉంది. ఇది చావుకి దగ్గరపడ్డవాళ్ళ వైద్యం గురించి.

ప్రొఫెసర్ కావడానికి ఇంకా ఏం చేయొచ్చా అని చూస్తున్న రోజుల్లో పాలియేటివ్ కేర్ అనే మాట మన కాలేజీల్లో వినబడటం మొదలైంది. నయం కాని జబ్బుల్లో నొప్పీ ఆయాసమూ భయమూ తగ్గించే వైద్యం. వయసు మళ్ళినవాళ్ళ డాక్టరుకి అది పక్కింటి లాంటి శాఖ. ఈ రెండూ తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే ఉంటే ఆ ఒక్కణ్ణి నేనే కావాలనిపించింది. పుస్తకాలు తెప్పించుకున్నాను. సిసిలీ సాండర్స్ గురించి చదివాను. నర్సుగా మొదలై, ఆస్పత్రి సోషల్ వర్కరై, 1957లో డాక్టరైన మనిషి. 1948లో చనిపోతూ ఒక పోలండు శరణార్థి ఆవిడ కట్టబోయే ఇంటి కిటికీ కోసమని 500 పౌండ్లు రాసిచ్చి వెళ్ళాడు. ఆ ఇల్లు, లండన్‌లోని సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, తెరుచుకున్నది 1967లో. పంతొమ్మిదేళ్ళు! నేను నాలుగేళ్ళలో ప్రమోషన్ రాలేదని వీసీకి ఉత్తరం రాసినవాణ్ణి.

ఆవిడ చెప్పిన పెద్ద మాట ఒకటుంది. రోగి నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు, మనసుదీ, ఇంటిదీ, దేవుడితో ఉన్న గొడవదీ అన్నీ కలిసిన నొప్పి అని. నాకు ఆ మాట అమితంగా నచ్చింది. ఉపన్యాసాల్లో బాగా పండుతుంది కూడా. దాన్ని పట్టుకుని వార్డులో దిగాను.

ఒక పెద్దాయన, గుంటూరు వైపు రైతు, కొడుకు దగ్గర ఉండి వైద్యం చేయించుకుంటున్నాడు. ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకలకి పాకింది. నడుము నొప్పికి మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టాను, నాలుగు గంటలకోసారి. నొప్పి చాలా తగ్గింది. ఇక అసలైన పని చేద్దామని పీజీలని వెంటబెట్టుకుని వెళ్ళి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. పుస్తకంలో అలాగే ఉంది. "పెద్దాయనా, మీ మనసులో ఏదైనా బరువుంటే చెప్పండి. చెప్పుకోవాలనిపించింది ఏదైనా సరే. నేను వింటాను" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. పీజీలు ఊపిరి బిగబట్టారు. నేనూ బిగబట్టాను. పొలం గొడవలా, పోయిన భార్యా, చిన్నకొడుకుతో మాటల్లేకపోవడమా అనుకుంటున్నాను.

"బాబూ, అయిదు రోజులైంది దొడ్డికెళ్ళి. పొట్ట రాయైపోయింది. ముందు దానికేదన్నా రాయి నాయనా" అన్నాడు.

మార్ఫిన్ ఇస్తే మలబద్ధకం వస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది, మిగతా ఇబ్బందుల్లా కొన్నాళ్ళకి తగ్గిపోదు కూడా. అందుకే మార్ఫిన్ రాసిన చేత్తోనే విరేచనం మందు కూడా రాయాలి. మొదటి రోజే, అదే చీటీ మీద. ఈ శాఖలో ఇది మొదటి పాఠం. నేను ఆత్మ గురించి అడగడానికి సిద్ధమై వెళ్ళి, పొట్ట గురించి అడగడం మరిచిపోయాను. ఆయన ఆ అయిదు రోజులూ పడిన యాతన నా వల్ల వచ్చింది. ఆ సాయంత్రం ఎనిమా ఇప్పించాక మొహం తేటపడింది. మర్నాడు నేను అడక్కుండానే చిన్నకొడుకు సంగతి చెప్పాడు.

మార్ఫిన్ గురించి ఒక మాట. ఆయనకి ఆ మాత్ర దొరకడం ఆయన అదృష్టం. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం తర్వాత ఆస్పత్రులు మార్ఫిన్ తెచ్చుకోవాలంటే ఒక్కో రాష్ట్రంలో రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చింది. ఆ తలనొప్పి ఎందుకని చాలాచోట్ల అసలు ఉంచడమే మానేశారు. నొప్పితో అరిచే రోగికి మార్ఫిన్ చూపించకుండానే ఒక తరం డాక్టర్లం చదువు పూర్తి చేశాం. 2014లో చట్టం సవరించాక దారి కొంత సులువైంది. కాలేజీలో ఉండీ ఆ అరుపులు వింటూ, లైసెన్సు కోసం ఒక్క అర్జీ పెట్టకుండా, పేపర్లు రాసుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ లాంటివాళ్ళు ఆ పని భుజాన వేసుకుని చేస్తుంటే, నేను దాన్ని చూసి మెచ్చుకోవడంతో సరిపెట్టుకున్నాను.

ఆ పెద్దాయన తర్వాత బుద్ధి వచ్చి కేరళ వెళ్ళాను, కోళికోడ్‌కి. 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలుపెట్టిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ ఉన్న ఊరు. బుద్ధి వచ్చి వెళ్ళాను అన్నాను గానీ, బయోడేటాలో ఒక వరుస పెరుగుతుందన్న ఆశ కూడా తోడొచ్చింది. దాచను. అక్కడ ఒక సిస్టర్‌తో ఇళ్ళకి వెళ్ళే బృందంలో వేశారు. ఒక ఇంట్లో రొమ్ము క్యాన్సరు పుండై పగిలిన ముసలమ్మ. వాకిట్లోకి వచ్చేసరికే వాసన. ఇంట్లోవాళ్ళు అన్నం పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి వెళుతున్నారు. నేను రెండడుగులు వెనక్కి వేశాను, చెయ్యి దానంతటదే ముక్కు దగ్గరికి పోయింది. సిస్టర్ నా కేసి చూడనైనా చూడలేదు. గిన్నెలో నీళ్ళు కాచి, ఉప్పు వేసి, చల్లార్చి పుండు కడిగింది. సంచిలోంచి మెట్రోనిడజోల్ మాత్రలు తీసి, రెండు స్పూన్ల మధ్య నూరి, ఆ పొడి పుండు మీద చల్లి కట్టు కట్టింది. అంతే. మనం విరేచనాలకి మింగే మాత్ర. ఆ వాసన పుట్టించే సూక్ష్మజీవుల్ని అది చంపుతుంది. కొద్ది రోజుల తర్వాత మళ్ళీ వెళితే వాసన దాదాపు లేదు, కోడలు మంచం మీద కూర్చుని అత్తగారి తల దువ్వుతోంది.

నాకు అంత తక్కువ ఖరీదు మందు మీద అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. ఆ సిస్టర్ పేరు ఏ పత్రికలోనూ మొదటి పేరుగా రాదు, రెండో పేరుగానూ రాదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్ని నేను తిరిగొచ్చి మా పీజీలకి నేర్పించాను. మా వార్డులో రెండు స్పూన్లు ఇప్పటికీ ఆ పనికే ఉన్నాయి.

అలాగని నా గర్వం ఒక్కసారిగా కరిగిపోలేదు. కొన్నాళ్ళకే ఇంకో రూపంలో తిరిగొచ్చింది. రోగికి నిజం చెప్పాలి అని సభల్లో చెప్పేవాణ్ణి. బోస్టన్‌లో జెన్నిఫర్ టెమెల్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ఉంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మందిలో, మొదట్నుంచీ పాలియేటివ్ కేర్ కూడా అందుకున్నవాళ్ళు మెరుగ్గా బతికారు, తక్కువ దిగులుతో బతికారు, మధ్యస్థంగా 8.9 నెలలకి బదులు 11.6 నెలలు బతికారు. ఈ లెక్కలు నాకు నోటికొచ్చు. కానీ ఒక పెద్దమనిషి కొడుకులు వరండాలో నన్ను చుట్టుముట్టి "నాన్నగారికి మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేరు" అంటే "అలాగే" అన్నాను. లోపలికి వెళ్ళి "అంతా బాగుంది" అన్నాను. ఆయన నవ్వి, "మా వాళ్ళకి మాత్రం చెప్పకండి డాక్టరు గారూ, నాకు తెలుసు" అన్నాడు. ఒకే గుమ్మానికి అటూ ఇటూ ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఏడుస్తున్నారు. మధ్యలో నిలబడి ఇద్దరితోనూ నవ్వినవాణ్ణి నేను. వాళ్ళని ఒకే గదిలో కూర్చోబెట్టడానికి నాకు కావలసింది అరగంట సమయం, కాస్త ధైర్యం. సమయం ఉంది.

ఇంకా ఉంది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో తనకి ఎలాంటి చికిత్స వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చని తీర్పు చెప్పింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులూ, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరూ ఉంటే చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. దీని మీద నేను ఊరూరా మాట్లాడాను. ఒకరోజు అలా మాట్లాడి శాలువాతో ఇంటికొస్తే మా ఆవిడ అడిగింది, "మీది రాశారా మరి?" రాయలేదు. నాకు చావు ఉందని నాకు తెలుసు, నమ్మకం మాత్రం లేదు. మళ్ళీ ఆవిడ అడగలేదు, అడక్కపోవడమే నన్ను కుదిపింది. ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. రాస్తున్నంతసేపూ పెన్ను ఆగుతూనే ఉంది. ఇతరుల చేత అవలీలగా రాయించినవి, నా పేరు దగ్గరికి వచ్చేసరికి ఒక్కో వాక్యం కొండెక్కినంత పనైంది.

ప్రొఫెసర్ని అయ్యాను. గది పెద్దది ఇచ్చారు. ఆ గదిలోంచి ఒక విషయం బాగా కనిపిస్తుంది. మందు ఆపినందుకు మన కాలేజీల్లో ఎవరికీ ప్రమోషన్ రాదు. ఒక అవ్వ చీటీలోంచి అయిదు మందులు తీసేసి, ఆవిడ పడకుండా ఇంటికి వెళ్ళిందనుకోండి, అది ఏ పత్రికలోనూ అచ్చు కాదు. ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగరు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవాళ్ళు పది కోట్ల పైచిలుకు. ఇంతమంది పెద్దవాళ్ళున్న దేశంలో, వాళ్ళ వైద్యం నేర్పే కాలేజీల్లో, పేపర్ల లెక్క ఒక్కటే లెక్క కావడం తప్పు. ఈ తప్పు మీద ఎక్కి ఈ గదికి వచ్చినవాణ్ణి కాబట్టి దీన్ని తప్పు అనే బాధ్యత నాది. ఇప్పుడు మా శాఖలో పీజీల పరీక్షకి ముందు ప్రతివాడూ నాకు చూపించాల్సింది, తాను ఆపిన మందుల చిట్టా. ఎందుకు ఆపాడో, ఆపాక రోగి ఎలా ఉన్నాడో రాసి ఉండాలి. విశ్వవిద్యాలయం అడగదు. నేను అడుగుతాను.

ఓపీలో కూడా ఒక మార్పు చేశాను. బల్లని గోడవైపు జరిపించాను. గదిలో మూడు మీటర్ల చోటు దొరికింది. వచ్చిన ప్రతి పెద్దమనిషినీ కుర్చీలోంచి లేచి, ఆ మూడు మీటర్లూ నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమంటాను. దీనికి కావలసిందల్లా కుర్చీ, గడియారం. పన్నెండు సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉందని అనుమానించాలి. ఈ పరీక్ష మీద నేను ఒకప్పుడు పేపరు రాశాను. రాసిన రోజుల్లో నా ఓపీ గదిలో నడవడానికి చోటు లేదు.

ఆ అవ్వ కొడుకు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తాడు, తన బీపీ చూపించుకోవడానికి. నా దగ్గరికే ఎందుకు వస్తాడో నాకు అర్థం కాదు, అడిగే ధైర్యం లేదు. వచ్చినప్పుడల్లా చీటీ మీద రాసేముందు పాత చీటీలన్నీ బల్ల మీద పరుస్తాడు. నేను చెప్పక్కర్లేదు.

మీరూ అలాగే చేయండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఈసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు దిండు కిందవీ, ఫ్రిజ్ మీదవీ, షాపులో అడిగి తెచ్చుకున్నవీ, పసరు మందులూ అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. బల్ల మీద గుమ్మరించండి. "వీటిలో ఏవి ఆపొచ్చు?" అని అడగండి. కొత్త కష్టం ఏదొచ్చినా "ఇది పాత మందు వల్ల వచ్చిందా?" అని అడగండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి. మార్ఫిన్ రాస్తే విరేచనం మందు కూడా రాశారా అని చూడండి. మీ అంతట మీరు మాత్రం ఏ మందూ ఆపేయకండి, కొన్ని ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు విసుక్కుంటాడు. నేనూ విసుక్కున్నాను. అయినా అడగండి.